ఉక్కపోతలో పరుగు: మానేయాలా, మార్చుకోవాలా?

పొద్దుపొడుపు_పరుగు
వానలకు ముందు నెలల్లో ఇదే గొడవ. తెల్లవారకముందే 30 డిగ్రీలు, తేమ 85 శాతం. చలికాలంలో కిలోమీటరు 6 నిమిషాల్లో పరిగెత్తితే గుండె వేగం నిమిషానికి 145 దగ్గర నిలకడగా ఉంటుంది. ఇప్పుడు అదే వేగానికి ఇరవై నిమిషాల్లోనే 165 దాటుతోంది, ఆ తర్వాత ఆగకుండా పైకే. నీళ్లు తాగుతూనే ఉన్నా తల దిమ్ముగా ఉంటోంది. ఈ కాలం పోయేదాకా పరుగు ఆపేయడమేనా, వేరే దారి ఉందా? "పొద్దున్నే లేచి వెళ్లండి" అని మాత్రం చెప్పకండి, వెళ్తున్నది పొద్దున్నే.

ఫ్యాన్‌కింద
నా సలహా నా పేరులోనే ఉంది.

మైదానం_కోచ్
ఆపక్కర్లేదు. కానీ చలికాలం వేగాన్ని పట్టుకుని వేలాడకండి. మీ గుండె ఇప్పుడు రెండు పనులు చేస్తోంది: కాళ్ల కండరాలకు రక్తం పంపాలి, ఒంట్లో వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. పైగా చెమటగా పోయే నీళ్లలో కొంత రక్తంలోంచే వస్తుంది. రక్తం పరిమాణం తగ్గితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తక్కువ రక్తం పోతుంది, కాబట్టి కొట్టుకోవడం పెరుగుతుంది. నీళ్లు తాగినంత మాత్రాన ఇది పూర్తిగా ఆగదు.

చేయాల్సింది ఇది. వేగానికి బదులు గుండె వేగానికి హద్దు పెట్టుకోండి. తేలిక పరుగు 145 అయితే 145 దాటగానే నడక, 130కి దిగాక మళ్లీ పరుగు. కిలోమీటరుకు 30 నుంచి 60 సెకన్లు ఎక్కువ పట్టినా శ్రమ అంతే. దూరం లెక్క కూడా వదిలేసి నిమిషాల లెక్కకు రండి. 50 నిమిషాలు ఒకే దమ్ములో కాకుండా పొద్దున 25, సాయంత్రం 25 చేయండి. ఉక్కలో ఒంటి లోపలి వేడి ఒకచోట నిలబడదు, ఎంతసేపు చేస్తే అంత పైకి పోతుంది. మధ్యలో తెంపితే మళ్లీ కిందినుంచి మొదలవుతుంది.

చేతి గడియారం చూపే గుండె వేగం చెమటకు జారి తప్పు చెప్పొచ్చు. వీలైతే గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ వాడండి. లేకపోతే పూర్తి వాక్యం ఆయాసపడకుండా చెప్పగలిగినంత వేగమే ఆ రోజు వేగం.

తడిబల్బు
కోచ్‌గారు చెప్పినదాని వెనక లెక్క ఇది. 70 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్లు పరిగెడితే దాదాపు 700 కేలరీలు ఖర్చు. అందులో ముందుకు కదలడానికి పోయేది పావువంతుకు మించదు, మిగతాదంతా వేడే. అంటే గంటకు 550 దాకా కేలరీల వేడిని బయటికి నెట్టాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే 580 కేలరీలు తీసుకుపోతుంది. గమనించండి, ఆవిరైతేనే. గడ్డం మీంచి కారి నేలమీద పడిన చుక్క ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గిస్తుంది. తేమ 85 శాతం ఉన్నప్పుడు చెమటలో చాలా భాగం అలా కారిపోయేదే.

అందుకే థర్మామీటరు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు. తడి బల్బు ఉష్ణోగ్రత చూడాలి. 30 డిగ్రీలు, 85 శాతం తేమకు అది దాదాపు 28. 38 డిగ్రీలు, 25 శాతం తేమకు 23 మాత్రమే. తడిసిన చర్మం చల్లబడగలిగే హద్దు ఈ అంకె దగ్గరే ఉంటుంది.

ఇంట్లో కొలవొచ్చు. మామూలు గాజు థర్మామీటరు బల్బుకు పల్చటి తడి నూలుగుడ్డ ఒక పొర చుట్టి, గుడ్డ కొస నీళ్ల గిన్నెలో వేలాడదీసి, ఫ్యాను గాలి సూటిగా తగిలేలా పెట్టండి. కొన్ని నిమిషాల్లో అంకె దిగి ఒకచోట ఆగుతుంది, అదే. గుడ్డ మందంగా ఉన్నా, మురికిగా ఉన్నా, గాలి తగలకపోయినా ఎక్కువ చూపిస్తుంది.

సందేహాలరాయుడు
అంటే పొద్దున 30లో కంటే మధ్యాహ్నం 38లో పరిగెత్తడం మేలా? ఇంట్లో చెబితే తలుపుకు తాళం వేస్తారు.

తడిబల్బు
తాళం వేయడమే మంచిది రాయుడుగారూ, ఎండను లెక్కలో వేయలేదు కదా. ఆరుబయట డబ్ల్యూబీజీటీ అనే కొలత వాడతారు: తడి బల్బుకు 70 శాతం, ఎండలో పెట్టిన నల్లటి గోళం లోపలి వేడికి 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం. 1950ల్లో అమెరికా మెరైన్ శిక్షణ శిబిరాల్లో జనం పడిపోతుంటే తయారైన సూత్రం.

పొద్దున, ఎండ రాకముందు: 28లో 70 శాతం 19.6, గోళం 30 కాబట్టి 6, గాలికి 3. మొత్తం 28.6.
మధ్యాహ్నం 38, నీడలో: 16.1, 7.6, 3.8. మొత్తం 27.5.
అదే మధ్యాహ్నం ఎండలో గోళం 50కి ఎక్కితే: 16.1, 10, 3.8. దాదాపు 30.

నీడ ఉంటే పొడి మధ్యాహ్నం కాస్త తక్కువ, ఎండలోకి అడుగుపెడితే ఎక్కువ. పొడి ఎండలో ఇంకో మోసం ఉంది. చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఎన్ని నీళ్లు పోయాయో తెలియదు. డబ్ల్యూబీజీటీ 28 దాటితే కఠినమైన సాధన తగ్గించాలి, 32 దాటితే వద్దు. అమెరికా సైన్యం నల్లజెండా ఎగరేసేది కూడా 32 దగ్గరే.

సాయంత్రం_బ్యాచ్
ఇందుకే నేను సాయంత్రం పార్టీ. పొద్దున తేమ 85, సాయంత్రం 50. ఎవరైనా దీన్ని కాదనగలరా?

తడిబల్బు
కాదంటాను. తేమ శాతం గాలి వేడిని బట్టి మారుతుంది. గాలిలో ఆవిరి అంతే ఉన్నా గాలి వేడెక్కితే శాతం పడిపోతుంది. సాయంత్రం శాతం తక్కువ చూపినంత మాత్రాన గాలి పొడిబారినట్టు కాదు. పగలంతా కాగిన తారురోడ్డు, గోడలు పొద్దుపోయాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. చాలా రోజుల్లో డబ్ల్యూబీజీటీ అన్నిటికంటే తక్కువుండేది సూర్యోదయానికి కాస్త ముందు. సాయంత్రమే కుదిరేవాళ్లు రోడ్డు వదిలి మట్టిదారి, చెట్లున్న చోటు, గాలి ఆడే మైదానం చూసుకోండి. గాలి ఆడటం చిన్న విషయం కాదు.

సాయంత్రం_బ్యాచ్
అంకెలు మీవి, అలారం బాధ నాది. సాయంత్రమే వెళ్తాను, మట్టిదారిలో.

మైదానం_కోచ్
ఒళ్లు వేడికి అలవాటుపడటం గురించి ఎవరూ ఎత్తలేదు. అసలు మందు అదే. రోజూ 60 నుంచి 90 నిమిషాలు వేడిలో తేలికపాటి శ్రమ చేస్తే 10 నుంచి 14 రోజుల్లో ఒళ్లు మారుతుంది. మొదటి వారంలోపే రక్తంలో ద్రవభాగం పెరిగి గుండె వేగం దిగడం మొదలవుతుంది. తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది.

పనిచోట్లకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే పద్ధతి కొత్తవాళ్లకు పనికొస్తుంది. మొదటి రోజు మామూలు పనిలో 20 శాతం, రోజుకు 20 చొప్పున పెంచి అయిదో రోజుకు పూర్తి. పాతవాళ్లు విరామం తర్వాత తిరిగొస్తే 50, 60, 80, 100. పరుగుకు నేనైతే దీన్ని ఇంకా సాగదీస్తాను: మొదటి నాలుగు రోజులు 20 నుంచి 30 నిమిషాలు నడక కలిపిన పరుగు, తర్వాత నాలుగు రోజులు 40 నిమిషాలు, తర్వాత గంట. ఈ రెండు వారాల్లో వేగం సాధన ఏదీ పెట్టొద్దు.

ఎక్కడ చెడుతుందంటే, ఏసీ జిమ్‌లో నెలంతా చేసి ఆదివారం ఒక్కరోజు బయట 15 కిలోమీటర్లకు పోతారు. ఏసీలో వచ్చిన దమ్ము వేరు, వేడి అలవాటు వేరు. జ్వరమో ఊరెళ్లడమో వచ్చి వారం ఆగితే కొంత పోతుంది, నెల ఆగితే దాదాపు అంతా పోతుంది.

గుడ్డిగా_ఈత
బయటికి పోవడం కుదరనివాళ్లకు ఇంకో దారి. తేలిక వ్యాయామం అవగానే 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో మెడదాకా 40 నిమిషాలు, వరుసగా ఆరు రోజులు చేయించి చూస్తే లాభం కనబడిందని 2016లో ఒక అధ్యయనం వచ్చింది. ఒంటరిగా చేయకూడదు, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. గుండెజబ్బు, బీపీ మాత్రలు, గర్భం ఉన్నవాళ్లకు అసలు వద్దు.

ఫ్యాన్‌కింద
ఉక్కపోత కాలంలో వేడినీళ్ల తొట్టి. ఈ చర్చ ఎటు పోతోందో నాకు అర్థం కావట్లేదు.

ఉప్పుకల్లు
మొదటి ప్రశ్నలో "నీళ్లు తాగుతూనే ఉన్నా" అన్నారు. ఎన్ని? అది తెలియకుండా సలహా ఇవ్వలేం. కొలుచుకునే పద్ధతి: మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. మామూలు వేగంతో గంట పరుగు. మధ్యలో తాగింది కొలత సీసాతోనే తాగండి. తిరిగొచ్చి ఒళ్లు పొడిగా తుడుచుకుని మళ్లీ బరువు. 68.0 నుంచి 66.9కి దిగి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే చెమట గంటకు ఒకటిన్నర లీటరు. తడి బట్టలతో బరువు చూస్తే లెక్క చెడిపోతుంది, చెమటంతా వాటిలోనే ఉంటుంది.

పోయినదంతా పరుగులోనే తాగాలని చూడొద్దు, కడుపు పట్టదు, గుడగుడలాడుతుంది. బరువులో 2 శాతం లోపు తగ్గితే సరిపోతుంది. 68 కిలోలకు అది 1.3 కిలోలు. ప్రతి 15-20 నిమిషాలకు 150 నుంచి 200 మిల్లీలీటర్లు చాలామందికి సరి. తగ్గిన ప్రతి కిలోకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర లీటర్లు తర్వాత రెండుమూడు గంటల్లో నిదానంగా, తిండితో పాటు తాగండి.

సందేహాలరాయుడు
ఎక్కువ తాగితే ఏమవుతుంది? మహా అయితే బాత్రూమ్‌కు ఎక్కువసార్లు వెళ్తాం.

ఉప్పుకల్లు
అంతటితో పోదు. రక్తంలో సోడియం పల్చబడి మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. ముఖ్యమైన గుర్తు, పరుగులో బరువు పెరగడం. నెమ్మదిగా నాలుగైదు గంటలు పరిగెత్తుతూ దారిలో నీళ్లిచ్చే ప్రతి బల్ల దగ్గరా తాగేవాళ్లకే ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కనబడితే "ఇంకా నీళ్లు తాగు" అనడం ప్రాణం మీదికి తెస్తుంది. గంటకు లీటరున్నర ఏ పరిస్థితిలోనూ దాటొద్దు.

ఉప్పు విషయం: గంటలోపు సాధనకు మామూలు నీళ్లు చాలు, మిగతాది భోజనం చూసుకుంటుంది. గంటన్నర దాటితే లీటరుకు పావు టీస్పూను ఉప్పు, అంటే దాదాపు గ్రామున్నర, అందులో 600 మిల్లీగ్రాముల సోడియం. దాంతోపాటు ఆరేడు టీస్పూన్ల చక్కెర. ఉప్పు బిళ్లలు ఉత్తగా మింగొద్దు, కడుపులో తిప్పుతుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే.

పొద్దుపొడుపు_పరుగు
కొలిచి చెబుతా. ఇప్పటిదాకా గంటకు రెండు లీటర్లు తాగేస్తున్నా, తక్కువేమో అనుకుంటూ.

ఉప్పుకల్లు
తల దిమ్ము వేడివల్లా కావచ్చు, ఆ రెండు లీటర్లవల్లా కావచ్చు. ముందు అది సగానికి దించండి, రెండు కొలతలూ రాసుకోండి. దించాక కూడా దిమ్ము ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి.

చేనేత_చొక్కా
నూలు బట్టలే వేసుకోండి, ఒంటికి గాలి తగులుతుంది. ఈ మెరిసే టీషర్టులన్నీ వ్యాపారం.

మైదానం_కోచ్
నడకకు, ఇంటిపనికి, పొడి ఎండకు నూలు భేషుగ్గా ఉంటుంది. తడి నిలుపుకుని చల్లబరుస్తుంది. ఉక్కలో పరుగుకు మాత్రం అదే తడి బరువై ఒంటికి అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. పల్చటి పాలిస్టరు జాలీ అయితే తడి పరుచుకుని ఆరుతుంది. వదులుగా ఉండాలి, లేత రంగు ఉండాలి. దేనితో నేసినా బిగుతుగా ఉంటే రెండూ ఒకటే. టోపీ ఎండకు మంచిదే గానీ గాలి ఆడని టోపీ నీడలో తీసేయండి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన, రెండు గంటలకోసారి, చెమటకు కారిపోతే ఇంకా ముందే.

నడకమాత్రమే
తొడలు, చంకలు ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ పల్చగా. చెమటకాయలు లేచిన చోట మాత్రం జిడ్డు క్రీములు వద్దు. చెమట గ్రంథుల దారి మూసుకుపోవడం వల్లే అవి లేస్తాయి, జిడ్డు ఇంకా మూస్తుంది. ఒళ్లంతా లేచి ఉంటే అవి మానేదాకా గట్టి వ్యాయామం ఆపండి, ఆ మేర చెమట పట్టదు కాబట్టి వేడి లోపలే ఉండిపోతుంది. సాక్సులు తడిసి ముద్దయితే మార్చుకోవడానికి ఇంకో జత ఉంచుకోండి.

కదలని_సైకిల్
ఇంట్లో సైకిల్ తొక్కేవాళ్లకు ఒక మాట. రోడ్డు మీద మన వేగమే మనకు గాలి తెస్తుంది. గదిలో ఆ గాలి లేదు కాబట్టి 28 డిగ్రీల గదిలో కూడా నిలువునా తడుస్తారు. సీలింగు ఫ్యాను చాలదు. పెద్ద టేబుల్ ఫ్యాను మీటరు దూరంలో, ఛాతీకి సూటిగా పెట్టండి. కిటికీలు రెండు వైపులా తెరవండి, ఒక్కటే తెరిస్తే గది కాసేపట్లోనే ఆవిరిగది. గదిలో నీళ్ల కూలర్ మాత్రం వద్దు, తేమ ఇంకా పెంచుతుంది. అది పొడి గాలికే పనిచేసే యంత్రం.

చేనేత_చొక్కా
35 దాటాక ఫ్యాను వేడిగాలి కొట్టి ఇంకా చెరుపు చేస్తుందంటారుగా?

తడిబల్బు
35 అనేది చర్మం వేడికి దగ్గరి అంకె, అంతే. దాటాక గాలి ఒంటిని వేడెక్కిస్తుంది, నిజమే. కానీ చెమట ఆరడం వల్ల వచ్చే చల్లదనం దానికంటే ఎక్కువైతే లాభమే. 2019లో కదలకుండా కూర్చున్న ఆరోగ్యవంతులైన యువకుల మీద చూశారు. 40 డిగ్రీలు, 50 శాతం తేమలో ఫ్యాను మేలు చేసింది. 47 డిగ్రీలు, 10 శాతం తేమలో చెరుపు చేసింది. చెమట తక్కువ పట్టే పెద్దవాళ్లకు హద్దు ఇంకా కిందే ఉంటుంది. వాళ్లకు ముఖం, చేతులు, మెడ నీళ్లతో తడిపి ఫ్యాను వేయాలి. చెమట చేయలేని పని ఆ నీళ్లు చేస్తాయి.

మైదానం_కోచ్
గట్టి సాధన ఉన్న రోజుల్లో అరగంట ముందు మెత్తగా చితక్కొట్టిన ఐసు, కిలో బరువుకు 7.5 గ్రాములు, నెమ్మదిగా తినండి. 68 కిలోలకు అర కిలో. గబగబా తింటే నుదురు పగిలిపోయే నొప్పి. ఐసు కరగడానికే బోలెడంత వేడి తీసుకుంటుంది కాబట్టి చల్లటి నీళ్లకంటే బాగా పనిచేస్తుంది. సెట్ల మధ్య విరామంలో మోచేతులదాకా చల్లటి నీళ్ల బకెట్లో పది నిమిషాలు.

ఆరువారాల్లో_నాజూకు
ఇంత తంటా ఎందుకు? ప్లాస్టిక్ చెమట జాకెట్ వేసుకుంటే ఒక్క గంటలో రెండు కిలోలు దిగుతుంది.

ఉప్పుకల్లు
దిగింది నీళ్లు. రెండు గ్లాసులు తాగితే అర కిలో తిరిగొస్తుంది. కొవ్వు చెమటగా కారదు స్వామీ.

తడిబల్బు
1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు పోటీ బరువుకు దిగడం కోసం ఇలాగే చెమట పట్టించుకుంటూ దాదాపు నెల వ్యవధిలో చనిపోయారు. అక్కడి కాలేజీ కుస్తీలో ఆ సూట్లు నిషేధించారు. ఒంటి చుట్టూ ఉన్న గాలిని వంద శాతం తేమ చేసే బట్ట అది.

అంబులెన్స్_డ్యూటీ
వడదెబ్బ గురించి తేలిగ్గా మాట్లాడుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉండొచ్చు. అసలు గుర్తు తల: తడబడే మాట, పొంతనలేని జవాబు, అకారణ కోపం, తూలడం, పడిపోవడం. లోపలి వేడి 40 దాటి ఉంటుంది. నుదుటి మీద పెట్టే థర్మామీటరు చెమట వల్ల తక్కువ చూపించొచ్చు, దాన్ని నమ్మి ఆగొద్దు.

ఎవరినైనా అంబులెన్సుకు ఫోను చేయమని చెప్పి, అది వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా అక్కడే చల్లబరచడం మొదలుపెట్టండి. బూట్లు, పైబట్టలు తీసేయండి. తొట్టి ఉంటే ఐసు కలిపిన నీళ్లలో మెడదాకా ముంచి, చంకల కింద తువ్వాలు చుట్టి వెనకనుంచి ఒకరు తల నీళ్లపైన పట్టుకోవాలి, ఇంకొకరు నీళ్లు కలుపుతూ ఉండాలి. కలపకపోతే ఒంటి చుట్టూ నీళ్లు వేడెక్కి అక్కడే ఉండిపోతాయి. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి, మధ్యలో నీళ్లు, ఐసు పోసి అటూఇటూ ఊపండి. అదీ లేకపోతే పైపుతో ఒళ్లంతా ఆపకుండా తడుపుతూ గాలి కొట్టండి. లోపలి వేడి 39 కిందికి దిగేదాకా, కొలత లేకపోతే మనిషి మామూలుగా మాట్లాడేదాకా ఆపొద్దు.

తెలివి సరిగ్గా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు ఇవ్వొద్దు, ఇది ఆ రకం వేడి కాదు. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కాలేయం, కిడ్నీ దెబ్బ తర్వాత బయటపడొచ్చు.

తల బాగానే ఉండి నీరసం, వాంతి, కళ్లు తిరగడం మాత్రమే ఉంటే నీడ, కాళ్లు ఎత్తి పడుకోవడం, చల్లటి తడిగుడ్డ, కొంచెం కొంచెం నీళ్లు. అరగంటలో తేరుకోకపోతే దాన్నీ వడదెబ్బ కిందే లెక్క వేసుకోండి.

నడకమాత్రమే
మందుల సంగతి కూడా చెప్పండి.

అంబులెన్స్_డ్యూటీ
నీరు దించే బీపీ మాత్రలు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, మత్తు కలిగించే పాతరకం అలర్జీ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు. ఒకటి నీళ్లు తగ్గిస్తుంది, ఒకటి చెమట ఆపుతుంది, ఒకటి గుండె వేగాన్ని పెరగనివ్వదు. బీటా బ్లాకర్ వాడేవాళ్లకు కోచ్‌గారి 145 హద్దు పనిచేయదు, మాట్లాడగలిగే వేగమే చూసుకోవాలి. మందులు సొంతంగా మానొద్దు, సమయం, మోతాదు డాక్టరుతో మాట్లాడండి. విరేచనాలు, జ్వరం, నిద్రలేని రాత్రి, ముందురోజు మద్యం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు పరుగు లేదు.

సందేహాలరాయుడు
చివరి సందేహం. వచ్చి స్నానం చేసి బట్టలు వేసుకోగానే మళ్లీ చెమట. స్నానం దండగేనా?

మైదానం_కోచ్
తొందరపడుతున్నారు. లోపలి వేడి ఇంకా దిగకముందే స్నానం చేస్తున్నారు. ముందు అయిదు నిమిషాలు నడక, తర్వాత పది నిమిషాలు తడి చొక్కాతోనే ఫ్యాను ముందు కూర్చోండి. ఆ తడి ఆరేటప్పుడు జరిగే పని సబ్బు చేయదు. తర్వాత చన్నీళ్లు, కాళ్లూ చేతులతో మొదలుపెట్టి, పది నిమిషాలకు తక్కువ కాకుండా. వేన్నీళ్లు పోసుకుంటే మళ్లీ మొదటికొస్తారు.

ఫ్యాన్‌కింద
ఫ్యాను ముందు పది నిమిషాలు కూర్చోవడం వరకు నేను రెడీ. పరుగు ఎవరైనా నా తరఫున చేయండి.